అవతలి గట్టున వదిన

ఆ ఊళ్లో వీధులకంటే కాలవలే ఎక్కువ. పెద్ద కాలవ పొడుగునా ఫోటోలు దిగేవాళ్లు, పడవలవాళ్ల కేకలు, ఒకళ్లనొకళ్లు తోసుకునే జనం. ఒక రోజంతా ఆ సందడిలో తిరిగేసరికి వదినకి తల దిమ్మెక్కిపోయింది.

"రేపు మనుషుల్లేని చోటికి తీసుకెళ్లవే స్టీరింగూ," అంది మంచం మీద వాలుతూ.

స్టీరింగంటే ఆమె మరదలు. సొంతూళ్లో సిటీ బస్సు నడుపుతుంది. ఒక్కసారి వెళ్లిన దారి మళ్లీ మర్చిపోయే మనిషి కాదు. లైసెన్సు తెచ్చుకున్న రోజు ఇంట్లో అందరూ పగలబడి నవ్వితే, కొత్త కోడలుగా వచ్చిన వదిన మాత్రం మెడలో టేపుతో కుట్టు మిషను మీంచి లేచొచ్చి ఆ పేరు పెట్టింది. ఇప్పటికీ ఆమె తప్ప ఇంకెవరూ అలా పిలవరు.

వదిన పేరున్న దర్జీ. ఊళ్లో సగం మంది కొలతలు ఆమె నోటికొచ్చు. అలాంటి మనిషి సూదిలో దారం ఎక్కించలేక మరదల్ని పిలిచిన రోజున డాక్టరు దగ్గరికి వెళ్లారు. నీటికాసులన్నాడు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కలు మాత్రం నల్లగా మూసుకుపోయాయి. ఆ మిగిలింది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. అది ఉండగానే నీళ్ల మీద కట్టిన ఊరొకటి చూడాలంది వదిన. అన్నయ్యకి సెలవు దొరకలేదు. ఆడవాళ్లిద్దరే బయల్దేరారు.

మర్నాడు భోజనం కాగానే, పాత అద్దకంవాళ్ల పేటకి నడిచారు. ఒకప్పుడు బట్టలకి రంగులద్దినవాళ్లు ఉన్న చోటట. గైడు లేడు, జనం లేరు. హోటల్లో ఇచ్చిన మ్యాపు మరదలి కోటు జేబులో ఉంది, వదిన చెయ్యి ఆమె మోచేతిలో ఉంది.

"పక్కన ఏముందో చెప్పవే."

"కుడిపక్క గోడ. పెచ్చులూడిపోయింది. కిటికీలో ఎవరో లంగా ఆరేశారు."

"కుట్టెలా ఉంది?"

"నాకేం తెలుసు వదినా, లంగాలాగే ఉంది."

వదిన కిలకిలా నవ్వింది. ఆ నవ్వు సందులోకి వెళ్లి, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చింది.

పొద్దు వాలుతోంది. నీళ్ల మీంచి మంచు లేస్తోంది. పాచి వాసన, తడిసిన సున్నం వాసన. ఎక్కడా మనిషి అలికిడి లేదు. రాతిమెట్లకి నీళ్లు తగిలే చప్పుడు తప్ప.

ఒకచోట కాలవ బాగా సన్నబడింది. ఈ గట్టు మీద మాట్లాడితే ఆ గట్టుకి వినిపిస్తుంది. నీళ్లలోకి దిగే మెట్లు, వాటి వెనక నీలిరంగు పాత తలుపు. వదినకి ఆ తలుపు తెగ నచ్చింది.

"ఇక్కడ నాకో ఫోటో తియ్యి. నువ్వు అవతలికెళ్లి తీస్తే మెట్లూ తలుపూ అన్నీ పడతాయి."

"నిన్నొక్కదాన్నే వదిలేసా?"

"చిన్నపిల్లనా? కదిలితే ఒట్టు."

పక్కనే చిన్న వంతెన. మరదలు దాటి, అవతలి గట్టున నిలబడి, ఫోను ఎత్తింది. తెరలో తలుపు, మెట్లు, వదిన.

వదిన పక్కన ఇంకొకరు.

ఫోను దించి చూసింది. నిజమే. ఎవరో ఆడమనిషి. వదిన మోచేతిలో చెయ్యి పెట్టి ఉంది. మొహం కనిపించడం లేదు. వదిన చెవిలో ఏదో చెబుతున్నట్టు అటే తిరిగి ఉంది. ఆ వీధిలో మనిషేమో, కళ్లు సరిగ్గా లేవని సాయం వచ్చిందేమో అనుకుంది మరదలు.

"వదినా! ఎవరావిడ?"

వదిన ఇటు చూడలేదు. పక్కకి వంగి ఏదో అంది. నవ్వింది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు.

అప్పుడు గమనించింది మరదలు. వదిన గట్టు అంచునే నడుస్తోంది. ఆమెకీ నీళ్లకీ మధ్య మనిషి పట్టే చోటు లేదు. ఆ రెండో మనిషి నడుస్తున్నది ఆ వైపే...

వెంటనే వదినకి ఫోను చేసింది. అవతలి గట్టున వదిన సంచీలో ఫోను మోగింది. తీసింది.

"ఎవరండీ?"

"వదినా, నేను. ఆగు. అక్కడే ఆగిపో."

"ఎవరు కావాలమ్మా?"

"నేనే... స్టీరింగుని!"

"స్టీరింగు నా పక్కనే ఉందండీ. మీరు వేరే నంబరు చేసినట్టున్నారు."

"పక్కనున్నది నేను కాదు! చెయ్యి విడిపించుకో వదినా, నీకు దండం పెడతాను... ఇటు చూడు, ఎదురుగా!"

వదిన ఆగింది. నీళ్ల మీదుగా సూటిగా ఇటు చూసింది. చూపు ఆనలేదో, మంచు అడ్డమొచ్చిందో... కొత్తవాళ్లని చూసినట్టు చూసి తల తిప్పేసుకుంది.

"ఎవరోనే, పాపం ఏడుస్తోంది," అంది పక్కకి.

ఫోనులో చిన్న గుసగుస వినిపించింది.

"పెట్టెయ్యి వదినా."

అది తన గొంతే.

మరదలు వంతెన వైపు పరిగెత్తింది. వంతెన రావాల్సిన చోట ఇంటి గోడ వచ్చింది. వెనక్కి తిరిగింది. సందు మలుపు తిరిగి ఇంకో సందులోకి, అక్కణ్ణుంచి మళ్లీ అదే గట్టుకి. ఎటు వెళ్లినా అవతలి గట్టు అవతలే ఉంది. కనిపించిన తలుపల్లా బాదింది. పైన ఒక కిటికీ తెరుచుకుంది. ఒక ముసలావిడ తల బయటికి పెట్టి, ఈమె వేలు చూపించిన వైపు చూసింది. చప్పుడు కాకుండా కిటికీ మూసేసింది.

ఈత రాదు. అయినా ఈ గట్టు మెట్లు దిగింది. మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి, తర్వాతి మెట్టు కాలికి తగల్లేదు. అక్కడే నిలబడి అరిచింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఎదురుగా, కేకేస్తే అందే దూరంలో, వదిన కూడా మెట్లు దిగుతోంది. తొందరేం లేకుండా... కబుర్లు చెబుతూ... చీర కుచ్చిళ్లు నీళ్ల మీద తేలాయి.

ఆ అరుపులకి ఒక పడవవాడు వచ్చాడు. ఏమీ అడగలేదు, ఎక్కించుకుని అవతలికి చేర్చాడు. వదిన నడుం లోతు నీళ్లలో ఒక్కతే నిలబడి ఉంది. ఒక చెయ్యి మాత్రం ఎవరో పట్టుకున్నట్టు పక్కకి చాపి ఉంది. మొహంలో భయమన్నది లేదు.

మరదలు ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. వదిన ఉలిక్కిపడింది. ఆ వేళ్లన్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఎవరిదీ చెయ్యి? ఇంత వేడిగా ఉందేంటి?"

"వదినా, నేనే."

"మీరెవరో వదలండమ్మా. మా మరదలు చూస్తే బాధపడుతుంది."

పడవవాడూ తనూ కలిసి బలవంతాన పైకి లాగాల్సి వచ్చింది. దారంతా వదిన వెనక్కి తిరిగి నీళ్లనే పిలిచింది, స్టీరింగూ, స్టీరింగూ అని.

ఇల్లు చేరారు. మిగతా అందర్నీ గుర్తుపట్టింది. అన్నయ్యతో మునుపటిలాగే ఉంది. మరదలు వస్తే మాత్రం కొంగు సర్దుకుని, "కూర్చోండి," అంటుంది. మంచినీళ్లిస్తుంది. ఎంత చెప్పినా, పాత సంగతులు ఎన్ని గుర్తుచేసినా, మర్యాదగా వింటుంది. "మా మరదలు అన్నీ చెప్పిందన్నమాట మీకు," అంటుంది.

డాక్టరు కంగారేం లేదన్నాడు. అన్నయ్య కూడా సర్దుకుంటుందిలే అన్నాడు. మరదలు రోజూ డ్యూటీ దిగగానే వెళ్లి, ఆ కుర్చీలో కాసేపు అతిథిలా కూర్చుని వస్తోంది.

నిన్న ఉదయం అన్నయ్య ఫోను చేశాడు.

"మీ వదిన చేతి మీద ఏదో మచ్చ వచ్చిందే. వేళ్లతో పట్టుకుంటే పడ్డట్టుంది. మొన్న మణికట్టు దగ్గర చూశాను, పడకలో నలిగిందేమో అనుకున్నా. నిన్న చూస్తే అక్కడ లేదు. మోచేతి మీద ఉంది."

"ఇప్పుడెక్కడుంది అన్నయ్యా?"



"భుజం దాటింది. మెడ దగ్గరికొచ్చింది. నొప్పి లేదంటుంది. నిద్రలో ఆ వైపుకే తల వాల్చి... నవ్వుతోందే."