ఆరని నీలం

మార్చి పదకొండు. ఆ మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నారు. వదినకు బాగా గుర్తు.

నాలుగుంపావుకు అన్న మేడమెట్ల కింద మెడ విరిగి పడి ఉన్నాడు. పైమెట్టు మీద తమ్ముడు నురగ కక్కుతూ కొట్టుకుంటున్నాడు.

మూర్ఛ. పాత జబ్బే. ఫిట్‌లో చెయ్యి విసిరి ఉంటాడు, బాధ్యుడు కాడు అని డాక్టరు సర్టిఫికెట్ రాసిచ్చాడు.

మూడోనాటి సాయంత్రం ఇన్‌స్పెక్టరే తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాలుగేళ్ళ కూతురు ఆమె వెనక నక్కింది.

"తప్పు ఇతనిది కాదంటున్నారు. సరే. ఆ చెయ్యి ఇంట్లో తిరుగుతుంటే నా పిల్లను ఎక్కడ దాచుకోను సార్?"

"నేను తొయ్యలేదొదినా. జబ్బు తోసింది."

ఇన్‌స్పెక్టర్ ఒక ఫొటో చూపించాడు.

"నాలుగున్నరకు తీసింది. ఆయన చొక్కా వీపున ఈ నీలం మరకేమిటి?"

"పాప రంగు. మెట్ల కిందే కూర్చుని బొమ్మలేస్తుంది. ఆ కాయితం మీదే పడ్డారు."

"నీళ్ళ రంగు. ల్యాబ్‌లో చూపించాను. పది నిమిషాల్లో ఆరుతుంది. ఆరితే అంటుకోదు. అంటే ఆయన పడ్డానికి కాస్త ముందు దాకా పాప అక్కడే ఉంది. మీరొచ్చేసరికి?"

"వంటింట్లో ఉంది."

"మీరు పంపారా?"

"లేదు. నేను డాబా మీద బట్టలు తీస్తున్నాను."

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వంటింట్లోకి ఎవరు తీసుకెళ్ళారు తల్లీ?"

"బాబాయి. ఎత్తుకున్నాడు."

"ఏమన్నాడు?"

"ఇక్కడుంటే దెబ్బ తగులుతుందన్నాడు."

వదిన పాపను గట్టిగా పొదువుకుంది.

"డాక్టరుకంటే మీకెక్కువ తెలుసా సార్?" తమ్ముడు అడిగాడు.

"లేదయ్యా. ఫిట్ నిజమే. కానీ అది తర్వాతొచ్చింది. ఏ ఫిట్టూ ముందుగా పిల్లను పక్కకు తప్పించదు. నీకు దయ ఉంది. దయ చూపే వ్యవధీ ఉంది. మీ అన్నకెందుకు మిగల్చలేదు?"

తమ్ముడు గోడకు జారగిలబడ్డాడు.

"అన్న రేపట్నుంచి అద్దాల మెషిన్ ముట్టుకోవద్దన్నాడు సార్. ఫిట్ వస్తే వేళ్ళు తెగుతాయట. కళ్ళద్దాలు అరగదీయడం తప్ప నాకేం వచ్చు? పాపను దింపి మళ్ళీ మెట్లెక్కాను. ప్రతి మెట్టు దగ్గరా ఆగిపోదామనుకున్నాను."

"ఆగొచ్చు కదరా!" వదిన కేక పెట్టింది.

"ఆగొచ్చు," అన్నాడతను, మొదటిసారి తల ఎత్తి.

తమ్ముణ్ణెక్కించుకుని జీపు వీధి మలుపు తిరిగింది.

"బాబాయి ఎప్పుడొస్తాడమ్మా?"

వదిన చప్పుడు కాకుండా వీధి తలుపు మూసింది.