అట్ట లోపలి ఉత్తరం

ఆదివారం ఉదయం ఏడున్నరకి కూతురు తండ్రి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. తొమ్మిదింటికి చర్చిలో ఆరాధన. సంఘ పెద్దగా అతను వాక్యం చదవాలి, తర్వాత ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం గిన్నె పంచాలి. ఇరవై ఏళ్లుగా ఆ పని అతనిదే. మిగతా వారమంతా ముందు గదిలో పుస్తకాలకి బైండింగు చేస్తాడు.

అతను చదివే బైబిలు చనిపోయిన భార్యది. నిన్న దాని వెనక అట్ట మూల లేచింది. కూతురు కూడా బైండింగు పనే నేర్చుకుంది. తండ్రి స్నానానికి వెళ్లగానే పాత జిగురు నానడానికి అట్ట మీద తడిగుడ్డ పరిచింది. నాన్న కట్టిన అట్ట ఊడిందంటే లోకాంతం దగ్గరపడ్డట్టేనని నవ్వుకుంది.

కాసేపటికి అట్ట రెండు పొరలుగా విడింది. మధ్యలో ఒక కవరు. ఎవరూ తెరవనిది. మీద అమ్మ పేరు, పెద్దమ్మ చేతిరాత. పోస్టు ముద్ర మీది తేదీ అమ్మ పోవడానికి నలభై రోజుల ముందుది.

ఆ నలభై రోజులూ కూతురికి గుర్తే. అక్క దగ్గర్నించి ఏమైనా వచ్చిందా అని మంచం పట్టిన అమ్మ రోజూ పొద్దున్నే అడిగేది. రాలేదని నాన్న చెప్పేవాడు. చివరికి అడగడం మానేసింది. సమాధి రోజున పెద్దమ్మ వచ్చి గేటు బయట నిలబడితే, ఇప్పుడెందుకొచ్చావని కూతురే మొహం మీద అడిగింది. పెద్దమ్మ మారుమాట్లాడకుండా వెళ్లిపోయింది. అది జరిగి తొమ్మిదేళ్లు.

అతను తల తుడుచుకుంటూ వచ్చి బల్ల వైపు చూశాడు. తువ్వాలు మధ్యలో ఆగిపోయింది.

"దాన్నెవరు ముట్టుకోమన్నారు?"

"ఇది లోపలికెలా వచ్చింది నాన్నా?"

అతను బుకాయించలేదు. తన పెళ్లిలో వదిన నలుగురి ముందు తనని జిగురు చేతులవాడని ఎగతాళి చేసిందని, ఒక్కనాడూ తప్పయిందని అనలేదని, అలాంటి మనిషి తన గడప తొక్కడం ఇష్టంలేకపోయిందని చెప్పాడు. ఉత్తరం వచ్చిన రోజు ఈ బైబిలు కొత్త అట్ట కోసం బల్ల మీదే ఉంది. కాల్చేయాల్సింది. కానీ కాగితం పారేయడం అతని చేతికి అలవాటు లేదు. పనికిరాని ప్రతి ముక్కా అట్ట పొరల మధ్యకే పోతుంది. ఇదీ పోయింది.

"అమ్మ ఈ పుస్తకాన్ని గుండెల మీద పెట్టుకుని పోయింది," అంది కూతురు.

"అది నాకూ దేవుడికీ మధ్య సంగతి. మోకాళ్లూని ఒప్పుకున్నాను. ఆయన క్షమించాడు. ఎవరికీ తెలీనిదాని వల్ల ఎవరికేం నష్టం?"

"ఒప్పుకుని కూడా, ఆయన పుస్తకంలోనే దాచి ఉంచావు. ప్రతి ఆదివారం దాన్నే పట్టుకుని ఆయన మాట చదివావు. అమ్మ ఏడ్చి ఏడ్చి పోయింది. పెద్దమ్మని నేను కుక్కని తరిమినట్టు తరిమాను. ఎవరికి నష్టమని నన్నడుగుతున్నావా?"

"టైమవుతోంది. చొక్కా ఇటివ్వు."

ఆమె ఇవ్వలేదు.

"ప్రభువు బల్ల దగ్గర గిన్నె పెదాలకి తాకించి దించేస్తావు. తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. షుగరుకి భయపడుతున్నావనుకున్నాను. పాపం దాచుకున్నవాడు తాగకూడదని చదివేదీ నువ్వే. క్షమాపణ దొరికినవాడు ఎందుకు తాగడు నాన్నా?"

ఆమె అతని కత్తితోనే కవరు కోసింది. తనకి వినాల్సిన పని లేదని అతను అటు తిరిగాడు. ఆమె పైకే చదివింది.

"నువ్వు రమ్మని ఒక్క ముక్క రాస్తే వస్తాను. రాయకపోతే వద్దన్నావనుకుంటాను. మరిదిని పెళ్లిలో అన్న మాట నన్ను ఇన్నేళ్లూ తింటోంది. ఆ చేతులే ఇప్పుడు నిన్ను ఎత్తి కూర్చోబెడుతున్నాయట. వస్తే ముందు ఆయన దగ్గరికెళ్లి, తప్పయిందని చెప్పుకుంటాను. ఆ తర్వాతే నీ మంచం దగ్గరికి."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. ఆ ఒక్క మాట కోసం పెళ్లయిన నాటినుంచీ పళ్లు బిగించి ఎదురుచూశాడు. అది ఇంటికే వచ్చింది. తన చేత్తోనే జిగురు రాసి, పైన బరువు పెట్టి నొక్కాడు. తర్వాత తొమ్మిదేళ్లు, అది రాలేదనే కోపంతో బతికాడు.

గోడ గడియారం తొమ్మిదికి పది నిమిషాలు చూపించింది.

"పాస్టరుగారికి ఫోన్ చెయ్యి," అన్నాడు చివరికి. "ఈరోజు రొట్టె వేరే ఎవరినైనా పంచమను."

"ఎందుకని అడిగితే?"

"ఉన్నది చెప్పు. అందరి ముందు చెప్పాల్సింది వచ్చే ఆదివారం నేనే చెప్తాను."

ఆమె ఫోన్ చేసి ఉన్నది చెప్పింది. పెద్దమ్మ ఊరికి పదింటికి బస్సు ఉందని తెలుసుకుంది. ఊడిన అట్టని అతికించనా అని అడిగింది.

"వద్దు. ఇలాగే తీసుకెళ్దాం. వదిన చూడాలి."

చెప్పులేసుకోబోయి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. భార్య పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. జిగురు మరకల చేతులతో మొహం కప్పుకున్నాడు. కూతురు చూస్తూ నిలబడింది. క్షమించానని అనలేదు. కాసేపటికి వంగి, అతని చెప్పులు తిప్పి, కాళ్లకి అందేలా పెట్టింది.