రెండో టక్

"మీ స్ప్రింగ్ అబద్ధం చెబుతోందండీ" అంది ఆ అమ్మాయి, నేను కుర్చీలో సరిగ్గా సర్దుకోకముందే.

స్ప్రింగులు అమ్మి బతికేవాణ్ణి. సరుకు మెత్తగా ఉందని గొణిగినవాళ్ళను చూశాను, బిరుసుగా ఉందని తిప్పి పంపినవాళ్ళను చూశాను. అబద్ధం చెబుతోందన్న మనిషి మాత్రం కొరియాలోని మా వోన్‌జు ఊళ్ళో అప్పటిదాకా తగల్లేదు.

"స్ప్రింగుకు నోరుండదండీ" అన్నాను.

"ఉంది. వినండి."

బల్ల మీదున్న ఇంజెక్షన్ పెన్ను తీసి రబ్బరు దిండుకు ఆనించి నొక్కింది. టక్‌మంది. లోపలి మందు మెల్లగా దిగింది. కాసేపటికి ఇంకోసారి టక్‌మంది.

"మొదటి టక్‌కి మందు మొదలవుతుంది. రెండో టక్‌కి పూర్తవుతుంది. వాడే ముసలివాళ్ళు మొదటిదానికే అయిపోయిందనుకుని పెన్ను పైకి లాగేస్తున్నారు. మందంతా చొక్కాల మీద పడుతోంది."

"అయితే తప్పు స్ప్రింగుది కాదు. వాడే విధానం కాగితం మీద రాసే ఉంటారుగా. ఆ రాసినవాళ్ళను అడగండి."

బల్ల చుట్టూ ఉన్న పెన్ను కంపెనీవాళ్ళంతా ఒక్కసారిగా తలలు దించుకున్నారు. ఆ కాగితం రాసింది ఆ అమ్మాయేనని నాకెవరూ చెప్పలేదు.

పేరు ఓక్ దన్బి. దన్బి అంటే మా భాషలో పైరు వాడిపోయే వేళకు కురిసే తియ్యటి వాన. ఆ రోజు నా మీద పడింది మాత్రం వడగళ్ళు.

ఆ పెన్ను సంగతి చెప్పాలి. కీళ్ళవాతానికి మందు సియోల్‌లోని ఒక కంపెనీది. ఆ మందును ఇంట్లోనే పొడుచుకునే పెన్ను మా ఊరి కంపెనీది, దన్బి పనిచేసేది అక్కడే. పెన్నులో స్ప్రింగ్ నాది. విడివిడిగా చూస్తే ముగ్గురివీ మేలైన సరుకులే. కలిపితే కాపురం కుదరడం లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన మందు చిక్కగా ఉంటుంది, మెత్తటి స్ప్రింగ్ దాన్ని నెట్టలేదు. బిరుసు స్ప్రింగ్ పెడితే గాజు గొట్టం చిట్లుతుంది. మందువాళ్ళను అడిగితే మా మందుకు వంక లేదంటారు. పెన్నువాళ్ళను అడిగితే నీళ్ళు పోసి చూడండి, భేషుగ్గా పనిచేస్తుందంటారు. నీళ్ళు ఎవరిక్కావాలి?

రోగుల చేత వాడించి చూసే పరీక్ష అప్పటికే ఒకసారి పోయింది. ఇంకోసారి పోతే సియోల్ కంపెనీ ఈ పెన్నును వదిలేసి విదేశీ పెన్ను కొనుక్కుంటుంది. దన్బి ఉద్యోగం పోతుంది, ఆమె సియోల్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోతుంది. మొదటి రోజున ఆ రెండో నష్టాన్ని నేను పట్టించుకోలేదు.

తర్వాతి వారం ఒకరోజు తెల్లవారగానే, నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే మా వీధి కాయిన్ లాండ్రీకి వెళ్ళేసరికి, తిరుగుతున్న యంత్రం ముందు కూర్చుని ఆమె ఏదో పైకి చదువుకుంటోంది. చదవడం, పెదవి విరవడం, కొట్టేయడం, మళ్ళీ చదవడం.

"ఆఫీసు పని ఇక్కడా?" అన్నాను.

"కథ. ఏటా చలికాలం పత్రికలవాళ్ళు పెడతారే, కొత్త సంవత్సరం పోటీ, దానికి. మాట్లాడించకండి. యంత్రం ఆగేలోగా సీను పూర్తవ్వాలి."

యంత్రం ఆగింది. ఆమె తువ్వాళ్ళు తీసింది. మడతల గీతలు ఇంకా చెరగలేదు, మరక అన్నది ఎక్కడా లేదు.

"ఉతికినవే ఉతుకుతున్నారా?"

"ఈ చప్పుడు లేకపోతే నాకు రాయబుద్ధి కాదు. ఖాళీ యంత్రం తిప్పితే ఓనరమ్మ తిడుతుంది."

"నష్టం కదండీ."

"మీకు నష్టం. నాకు ఒక సీను."

"ఎన్నేళ్ళ నుంచి పంపిస్తున్నారు పోటీకి?"

"లెక్కపెట్టడం మానేశాను. లెక్కలు మీ డిపార్ట్‌మెంట్, షావుకారు గారూ." ఆగి, పెన్సిల్ అందుకుంది. "ఇందాక మీరు 'నష్టం కదండీ' అన్నప్పుడు తువ్వాళ్ళను చూసి నిజంగా బాధపడ్డారు. రాసుకోనా?"

"రాసుకుంటే నాకేంటి లాభం?"

"అది కూడా రాసుకుంటాను."

అమ్ముడుపోని సరుకును ఏటా కొత్తగా తయారుచేసి అదే అంగడికి తెచ్చే మనిషిని వ్యాపారంలో తెలివితక్కువవాడంటారు. నేను ఆమెనలా అనలేకపోయాను. మర్నాటి నుంచి నా చొక్కాలు తరచుగా మాసిపోసాగాయి.

పని కూడా సాగింది. సన్నటి తీగతో ఎక్కువ చుట్లు తిప్పించి, మొదట విసురుగా కాకుండా చివరిదాకా ఒకే బలంతో నెట్టే స్ప్రింగ్ చేయించాను. మొదటి రకం పెన్నులో పట్టలేదు, రెండోది వంగిపోయింది. మూడోదానికి గాజు చిట్లలేదు, చిక్కటి మందు దిగింది. అయితే రెండు టక్‌ల మధ్య ఎడం ఇదివరకటి కంటే పెరిగింది.

"చంపేశారు. ఇదివరకే ఆగనివాళ్ళు ఇప్పుడు ఆగుతారా?" అంది దన్బి.

"గాజు పగలకూడదంటే స్ప్రింగ్ ఇంతకన్నా తొందరపడదు."

ఆమె పెన్నును చెవి దగ్గర పెట్టుకుని రెండు టక్‌లూ విని, జుట్టు బిగించి ముడేసుకుంది. "సరే. మీ స్ప్రింగ్ ఎంత నెమ్మదైతే నా వాక్యం అంత గట్టిగా ఉండాలి. అంతేగా?"

సియోల్ కంపెనీ తరఫున మేంగ్ అనే మేనేజర్ ఉండేవాడు. పాత కాగితంలో ఆయన పట్టుబట్టి పెట్టించిన వాక్యం ఇది: 'ఔషధ ప్రవేశము సంపూర్ణమగు వరకు పరికరమును స్థిరముగా నుంచవలెను.' దన్బి దాన్ని లాండ్రీలో పైకి చదివింది. పక్కన దుప్పట్లు మడతపెడుతున్న ఆవిడ, ఎవరు పోయారమ్మా అని అడిగింది.

వాన పట్టిన ఒక మధ్యాహ్నం ఆమెను బజారులోని మా నానమ్మ దుకాణానికి తీసుకెళ్ళాను. నానమ్మ అక్కడ బక్‌వీట్ పిండితో అట్లు పోస్తుంది. గొడుగు ఒకటే ఉండటం వల్ల దారిలో నా ఎడమ భుజం పూర్తిగా తడిసింది. అది నేను ఇష్టపడి భరించిన ఖర్చు.

"ఎవర్రా ఈ పిల్ల?" అంది నానమ్మ.

"పనిలో తెలిసినావిడ."

"పనిలో తెలిసినవాళ్ళ కోసం ఎప్పుడైనా తడిశావా?"

దన్బి కిమ్చీ పచ్చడి వైపు చూస్తూ నవ్వు ఆపుకుంది. మూలనున్న పాత కరెంటు కుక్కర్ టక్‌మంది. ఆకలి మీదున్నానేమో, మూత మీద చెయ్యి వేశాను. నానమ్మ అట్లకాడతో వేళ్ళ మీద ఒక్కటిచ్చింది.

"చెయ్యి తియ్. టక్‌మంటే అయిపోయినట్టా? ఉమ్మగిల్లనీ. ఇంత వయసొచ్చింది, ఆమాత్రం తెలీదు."

దన్బి చాప్‌స్టిక్స్ గాలిలో ఆగాయి. "నానమ్మగారూ, మళ్ళీ అనండి."

"ఏం, నీకూ వంట రాదా? టక్‌మన్నాక మూత తీస్తే అన్నం పలుకు మీదుంటుంది. ఆవిరి మీద కాసేపు ఉమ్మగిల్లాలి. నా ఈడువాళ్ళను ఎవర్నైనా అడుగు, నిద్రలో కూడా తీయరు." నానమ్మ నా వైపు అట్లకాడ చూపించింది. "అయినా వీడు కుక్కరునే తొందరపెడతాడు. మాటలైతే రోజుల తరబడి ఉమ్మగిల్లబెడతాడు."

నోటి దాకా వచ్చిన మాటను బయటపెట్టకుండా నాన్చడాన్ని మావాళ్ళు ఈ మాటతోనే అంటారు. నేను అట్టు మీద దృష్టి పెట్టాను.

దన్బి అప్పటికే కాగితపు రుమాలు మీద రాసేసుకుంటోంది.

మర్నాడు మేంగ్ మేనేజర్ ఆ కొత్త కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. పైన పెన్ను బొమ్మ, పక్కన కుక్కర్ బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: 'టక్‌మంది. ఇంకా తీయకండి. ఉమ్మగిల్లనివ్వండి. మళ్ళీ టక్‌మన్నాక తీయండి.'

"దన్బి గారూ, ఇది మందు. భోజనం కాదు."

"వాడేవాళ్ళు వంటింట్లోనే కూర్చుని పొడుచుకుంటారు సార్. ఫ్రిజ్ అక్కడే ఉంటుంది."

"పైవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనివ్వండి. మీ వాక్యంతో పరీక్ష పోవడం ఒకసారి చూశాం. పోతే నా వాక్యంతో పోనివ్వండి. ఉద్యోగం పోయేది నాదేగా."

ఆయన చేతిలోని కాగితం తీసుకుని బల్ల మీద పరిచింది. నేను లేచాను.

"ఈ కాగితంతో పరీక్ష పోతే, చేసిన స్ప్రింగులన్నీ నేను వెనక్కి తీసుకుంటాను. మీకు భారం ఉండదు."

మేంగ్ ఆలోచించి తలూపాడు. బయటికి రాగానే దన్బి నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది. "అసలు మీరు వ్యాపారస్తులేనా?"

"ఇవాళ కొట్టు కట్టేశాను."

పరీక్ష రోజు పక్క గదిలో అద్దం వెనక నిలబడి చూశాం. మొదట వచ్చింది బస్సు నడిపి రిటైరైన ఒక తాతగారు, వేళ్ళన్నీ వంకర్లు తిరిగాయి. కాగితం చదివాడు. కుక్కర్ బొమ్మ చూసి ముక్కుతో నవ్వాడు. తొడ స్థానంలో పెట్టిన రబ్బరు దిండుకు పెన్ను ఆనించి నొక్కాడు.

టక్.

మణికట్టు కదిలింది. దన్బి నా చేతిలో గోళ్ళు దించింది. తాతగారు ఆగాడు. "ఆఁ, ఉమ్మగిల్లాలిగా" అని తనలో తాను అనుకుని, అన్నం గిన్నె ముందు కూర్చున్నవాడిలా కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

రెండో టక్. అప్పుడు తీశాడు. దిండు మీద ఒక్క చుక్క లేదు.

తర్వాత వచ్చినవాళ్ళూ ఆగారు. ఒకావిడ మాత్రం ఇందులో అన్నం ఎక్కడుందని అడిగింది. అడుగుతూనే పెన్ను కదల్చకుండా పట్టుకుంది. మేంగ్ గట్టిగా దగ్గి, "కుక్కర్ బొమ్మ కాస్త చిన్నది చేద్దాం" అన్నాడు. అంతే, మేం గెలిచాం. ప్రభుత్వ అనుమతికి ఇంకా బోలెడు దూరముంది. పెన్ను మాత్రం వోన్‌జులోనే ఉంది. దన్బి కూడా.

ఆ శనివారం పొద్దున వాన. లాండ్రీలో దన్బి ఒడిలో పెద్ద కవరు, దాని మీద పోటీ పేరు ఎర్ర అక్షరాల్లో. పోస్టాఫీసు ఇంకా తెరవలేదు. నేను నా సంచీ యంత్రంలో గుమ్మరించాను. ఆమె తొంగి చూసింది.

"ఇవి ఉతికిన తువ్వాళ్ళు."

"అవును."

"నష్టం కదండీ."

"కూర్చోవడానికి వంక కావాలిగా."

యంత్రం తిరగసాగింది. నేను వాన గురించి మాట్లాడాను. తీగ నాణ్యత గురించి మాట్లాడాను. పోస్టాఫీసు గురించి మొదలుపెట్టేసరికి ఆమె కవరు పక్కన పెట్టింది.

"గ్యువోన్ గారూ, ఉమ్మగిల్లింది చాలు. ఇంకాసేపుంటే మాడిపోతుంది."

ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"మీరు సియోల్ వెళ్ళిపోతారేమోనని స్ప్రింగ్ అన్నిసార్లు మార్పించాను" అన్నాను. "మందు కోసం కూడా అనుకోండి. కానీ మీ కోసమే ఎక్కువ. మీరంటే నాకు ఇష్టం. ఇందులో లాభమెంతో నేను చూసుకోలేదు."

ఆమె పెన్సిల్ తీయలేదు. నా చేతి మీద తన చెయ్యి వేసి, మెల్లగా అంది.

"టక్."

దానర్థమేమిటో తెలియక కంగారుపడి చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. ఆమె వేళ్ళు బిగిశాయి.

"అది మొదటిది. తీయకండి."

ఆ రెండో టక్ నాకు ఇంతవరకూ వినపడలేదు. చెయ్యి తీయలేదు.