రంగూన్ ఇంటి పెరడు

ఆ ఉదయం రాజోలు దగ్గర మాణిక్యాలరావు ఇంట్లో దిబ్బరొట్టె మాడిపోయింది. మాడదూ మరి? ఇన్నేళ్ళ కాపురంలో గట్టిగా మాట్లాడని మొగుడు పొయ్యి దగ్గర పీట వాల్చుకుని, "రత్నం, నీ తోట అమ్మేద్దాం. రంగూన్లో ఇల్లు కొంటాను" అన్నాడు.

రత్నమాల చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఆ కొబ్బరితోట పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చింది. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి కాపురం వదిలి కట్టుబట్టలతో తిరిగొస్తే, ఇంత తిండి పెట్టింది ఆ తోటే. యుద్ధం ముగిశాక ఆయన మళ్ళీ అక్కడి బియ్యం మిల్లులో పనికి వెళ్ళాడు. ఇప్పుడు సెలవు మీద వచ్చి ఈ మాట!

"అక్కడ ఇల్లెందుకండీ?"

"మన తెలుగువాళ్ళంతా ఆ వీధిలోనే కొంటున్నారు. టేకు ఇల్లు."

అత్తగారు వీరాయమ్మ అరుగు మీంచే అందుకుంది. "టేకిల్లంట! అక్కడెవర్నన్నా చేరదీసేవేంట్రా?"

ఆయన తల దించుకున్నాడు. నిజమేనా? కాదని ఒక్క మాట అనడేం? కోపగించుకోవాలో ఏడవాలో తెలియక, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది రత్నమాల.

మధ్యాహ్నం అన్నం వడ్డించి ఆయన ఎదురుగా కూర్చుంది.

"తోట అమ్మడానికి నా వేలిముద్ర కావాలి కదండీ, వేస్తాను. ఆ ఇంట్లో గదులెన్ని?"

"రెండో... మూడో."

"నుయ్యుందా?"

"చూళ్ళేదు."

"వీధిగుమ్మం ఎటు?"

ఆయన చెయ్యి ముందు తూర్పుకి, తర్వాత పడమరకి తిప్పాడు.

"బాగుంది! మరి ఏం చూసేరండీ?"

"పెరడు చూసేను." ఆయన అన్నం కెలికాడు. "మన పాత ఇల్లు కాలిపోయిన చోటే కట్టేరు. స్నానాల బండ అదే. పక్కన కొబ్బరిచెట్టు... కాపుకొచ్చింది."

బిడ్డ పుడితే, ఆ బిడ్డకు పోసిన నీళ్ళు పారేచోట కొబ్బరిమొక్క నాటడం వాళ్ళింటి ఆనవాయితీ. కూతురు అన్నపూర్ణ రంగూన్లో పుట్టినప్పుడు రత్నమాలే నాటింది. పారిపోయి నడిచి వస్తుంటే అడవిదారిలో పిల్ల జ్వరంతో పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

"వేరేవాళ్ళు కొంటే కొట్టేస్తారేమోనని భయమేసింది రత్నం. పిల్లని దారిలో వదిలేసి వచ్చేం. చెట్టునైనా..."

"నాకు చెప్పొచ్చు కదండీ!"

"ఆ పేరెత్తితే నువ్వు తట్టుకోలేవని."

"మీరు తట్టుకోలేరనే నేనూ నోరు కుట్టుకున్నాను!" అని రత్నమాల భోరుమంది. ఆయన ఎంగిలి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న ఏడుపు ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది.

కాసేపటికి ఆమె ముక్కు చీదుకుని లేచింది. "ఇల్లొద్దండీ. ఆ ఇంట్లో మనమెవరం ఉంటాం? ఆ ఇంటివాళ్ళనడిగి ఆ చెట్టు కాయ ఒకటి తీసుకురండి. మన స్నానాల బండ పక్కన వేసుకుందాం. చిన్నది ఇక్కడే ఉంటుంది."

అరుగు మీంచి వీరాయమ్మ గొంతు వినిపించింది. పొద్దున్నటి గొంతు కాదది.

"ఒకటి కాదురా, రెండు పట్రా. ఒకటి మొలవకపోతే ఈసారి నేను తట్టుకోలేను."

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాడు మాణిక్యాలరావు.