ప్రూత్ వంతెన మీద సగం కొవ్వొత్తి

చీకటి పడ్డాక మా ఊళ్ళో ప్రూత్ నది మీది వంతెన పేరెత్తరు. ఇవతల మా రొమేనియా, అవతల మోల్దోవా. చాలా ఏళ్ళు ఆ దారి మూసేశారు. అప్పట్లో అవతలి అయినవాళ్ళ కోసం ఈదబోయి మునిగిపోయినవాళ్ళు... చేతిలో దీపం లేకుండా పోయారు కదా, ఇంకా అక్కడే తచ్చాడుతుంటారంటారు. వంతెన మీద ఎవరు వెలుగడిగినా ఇవ్వకూడదు. ఇస్తే — మనవాళ్ళ దీపం వాళ్ళ వెంట పోతుందట.

ఇది మా గెరాసిమ్ మామయ్య నోట విన్నది. ప్రభువు ఆయన ఆత్మకు శాంతినిచ్చుగాక.

వంతెన తెరిచిన కొత్తల్లో, ఒక మంచు రాత్రి, అవతల నుంచి ఫోనొచ్చింది. మామయ్యకు అక్క, మా అగ్రిపీన పెద్దమ్మ, ఆఖరి ఊపిరి మీద ఉంది. ఆవిడ కోరిక ఒక్కటే — పుట్టినూరి చర్చిలో ఈస్టర్ రాత్రి వెలిగించిన కొవ్వొత్తి చేతిలో పెట్టి సాగనంపాలి. మా వాళ్ళలో దీపం లేకుండా పోవడం కన్నా పాడు చావు లేదు.

మామయ్య కొవ్వొత్తి కోటులో దాచుకుని వంతెనెక్కాడు. నది కనబడదు. కింద మంచుగడ్డలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు మాత్రం...

సగం దూరంలో కమ్మీ పట్టుకుని ఎవరో ఆడమనిషి. అంత చలిలోనూ ఆమె తలగుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"కొంచెం వెలుగియ్యి, నాయనా..."

మామయ్య శిలువ గుర్తు వేసుకుని అడుగు జోరు పెంచాడు. వెనకాలే తడి కాళ్ళ చప్పుడు... టప్... టప్...

"ఇది మా అక్కది," అన్నాడు నడుస్తూనే.

"నాకూ తమ్ముడుండేవాడు. మీ ఒడ్డునే నాకోసం ఎదురుచూశాడు."

మామయ్య ఆగిపోయాడు. ఇస్తే అక్క దీపం పోతుందేమో... ఇవ్వకపోతే ఏ మొహంతో అక్క చేతిలో పెట్టడం? ప్రభువును తలచుకుని కొవ్వొత్తి విరిచాడు. ఒక సగం వెలిగించి — చెయ్యి చాచాడు. అందుకున్న వేళ్ళు మంచుముక్కలు. అంత గాలిలోనూ మంట కదల్లేదు.

ఇక వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

అవతలి గేటు దగ్గర కాపలా జవాను కోటు తడిమి, కొవ్వొత్తి చూసి నవ్వాడు. "ఏం బాబాయ్, సగమేనా? మీ దేశంలో ఎలుకలకి కూడా పస్తులా, కొవ్వొత్తులు కొరుకుతున్నాయి?"

"పోనియ్యి నాయనా, మా అక్క పోతోంది."

నవ్వు ఆగింది. గేటు లేచింది.

పెద్దమ్మకు ఇంకా ఊపిరుంది. మామయ్య కొవ్వొత్తి వెలిగించి, ఆవిడ వేళ్ళు దాని చుట్టూ ముడిచాడు.

"ఇంత పొట్టిది తెచ్చావేంట్రా, పిసినారీ?"

"సగం... దారిలో ఒకావిడకి ఇచ్చానక్కా."

"ఆవిడేగా, గడప దగ్గర నిలబడింది? లోపలికి రమ్మను, చలి."

మామయ్య తిరిగి చూశాడు. గడప దగ్గర ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి — పెద్దమ్మ ఊపిరి ఆగిపోయింది. చేతిలో దీపం వెలుగుతూనే ఉంది.

తెల్లారి, ఊళ్ళో కబురు చెప్పడానికి మామయ్య వంతెన దగ్గరికొచ్చాడు. అదే జవాను. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్... రాత్రి నువ్వెళ్ళిన కాసేపటికి ఇద్దరు ఆడవాళ్ళొచ్చారు. ఒకామె నిలువునా తడిసి ఉంది. ఇంకొకామె ముసలామె, వట్టి కాళ్ళతో. ఇద్దరూ కలిసి ఒకే కొవ్వొత్తి పట్టుకున్నారు — నిండు కొవ్వొత్తి. మీ ఒడ్డుకే నడిచారు."

"కాగితాలు అడిగావా?"

"లేదు... గేటెత్తి, టోపీ తీసి నిలబడ్డాను."