వెస్నా మామా ముందు చెప్పిన నిజం

"ఈరోజు హీరో ఊరికి పోతాడు. ఇంక తిరిగి రాడు. యల్లా, మొదలుపెట్టండి!"

అరబ్బీలో అంటూ యజమానురాలు వెస్నా మామా సోఫాలో కాళ్లు ముడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. వంటమనిషి వెంకటేశ్వరి చేతిలో గరిటె అట్లనే ఉంది.

కువైట్ ఇళ్లల్లో పనివాళ్లు యజమానురాలిని 'మామా' అనే పిలుస్తారు. ఈ మామాది క్రొయేషియా. భర్త ఆయిల్ ఇంజనీరు, అందుకే కువైట్‌లో కాపురం. ఆమె ప్రేమ నవలలంటే క్రొయేషియా జనం పడి చస్తారు. 'పనిమనుషులు చదివే పుస్తకాలు' అని పెద్దోళ్లు ఎగతాళి చేస్తే, "అవును, వాళ్ల కోసమే రాస్తా" అని పేపర్లోనే జవాబిచ్చిన మనిషి. సీన్ రాసేముందు వెంకటేశ్వరినీ డ్రైవర్నీ ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడుకోమంటుంది. తెలుగు ముక్క రాదు. మొహాలు చూసి, గొంతులు విని రాసుకుంటుంది.

డ్రైవర్ నాగేంద్రప్రసాద్‌ది రాయచోటి పక్క. కొత్తలో వెంకటేశ్వరి "అన్నా" అని పిలిస్తే, "ఆ మాటొక్కటి వద్దు మే. ఒరేయ్ అను, పడతా" అన్నాడు.

ఈరోజు మాత్రం అతని మొహంలో నవ్వు లేదు.

"నేను పోతాండా. మా అమ్మ సంబంధం చూసింది. శుక్రవారం ఫ్లైటు."

"పో సామీ, పో! పెళ్లి లడ్డు పంపించు."

"యాక్టింగ్ కాదు మే. టికెట్ గూడా తీసినా."

గరిటె కింద పడింది.

"సూపర్! కంటిన్యూ!" అంది మామా.

"నాకొక్క మాట చెప్పాలని లేదా?"

"నువ్వు నిలబడితే గదా! నోరు తెరిస్తే వంటింట్లోకి ఉరుకుతావు. నేనంటే ఇష్టమా, కాదా? ఇష్టమంటే టికెట్ క్యాన్సిల్ చేస్తా."

ఇష్టమే. కానీ రోజూ ఫోన్లో తను ముద్దులాడే పాప అక్క కూతురని అతనికి చెప్పి పెట్టింది. మొగుడు లేని ఆడది అని తెలిస్తే మగోళ్ల చూపు మారుతుందని భయం. చెప్తే పోతాడు. చెప్పకపోయినా పోతాడు.

"పాప మా అక్క కూతురు కాదు. నా బిడ్డ. దాని నాయన బైకు మీద పోతా లారీ కింద పడినాడు."

మామా వేళ్లు ఆగిపోయినాయి.

"ఇన్నాళ్లూ నాకు అబద్ధం చెప్పినావా?"

"నువ్వు గూడా అందరి మాదిరే చూస్తావేమోనని..."

అతను బయటికి పోయినాడు. తలుపు ధడేల్‌మంది.

వెంకటేశ్వరి అక్కడే కూలబడింది. "ఏమైంది? ఏమన్నాడు?" అని మామా భుజం పట్టుకుని ఊపింది.

తలుపు మళ్లీ తెరుచుకుంది. చెవి దగ్గర ఫోనుతో అతనే.

"ఆ సంబంధం వద్దు మా... కోడల్ని నేనే చూసుకున్నా. కోడలొక్కతే కాదు, బిడ్డ గూడా ఉండాది."

"ఏందిరా నువ్వనేది!" ఫోన్లో వాళ్లమ్మ కేక హాలంతా వినిపించింది.

అతను స్పీకర్ నొక్కి ఫోను వెంకటేశ్వరి ముందు పెట్టాడు. అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు. కట్ చేసిందనే అనుకుంది.

"మే," అంది చివరికి ముసలి గొంతు, "ఆ బిడ్డ అన్నం సరిగ్గా తింటాదా?"

వెంకటేశ్వరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"తినదత్తా. వీధంతా తిప్పాల."