ఏడుతో గుణిస్తే

పొద్దున్నే కొబ్బరికాయల కొట్టు వసారాలోకి వచ్చిన పార్వతి గోడ వంక చూసి బిగుసుకుపోయింది: నిన్నటి లెక్క చెరిపేసి, ఎవరో సున్నంతో 142857 అని రాశారు.

అమలాపురం చుట్టుపక్కల కాయల రాశికి గోడ మీది సున్నం అంకే మాట. కాయలు లెక్కపెట్టినవాడే అది రాయాలి, ఇంకొకరు ముట్టకూడదు. దాన్ని చూసే పడవ వర్తకులు బేరం మొదలుపెడతారు. లక్షా చిల్లర కాయలు ఆ కొట్టులో తాతలనాడు కూడా పట్టలేదు.

పార్వతి తండ్రి పెదబాబు గారు, కాయలు లెక్కపెట్టే జగ్గయ్యను మందలించి చెరిపించారు. మర్నాడు 285714. జగ్గయ్య దేవుడి మీద ఒట్టేశాడు. మూడోనాడు 428571. వర్తకుల ముందు తన మాట పోతోందనీ, ఇక పనిలోకి రావద్దనీ పెదబాబు గారు చెప్పేశారు. ఊహ తెలిసినప్పటి నుంచీ అతను చేసిన పని అదొక్కటే. జగ్గయ్య కండువా దులుపుకొని మెట్లు దిగబోయాడు.

పార్వతి గోడ వంకే చూస్తోంది. అవే ఆరు అంకెలు, అదే వరస. మొదలు మాత్రం జరిగింది. రెండోది మొదటిదానికి రెట్టింపు, మూడోది మూడింతలు. బొగ్గుముక్క తీసి నేల మీద నాలుగుతో, అయిదుతో, ఆరుతో గుణించింది. అంకెలు మారలేదు, గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్తపేటలో ఒక పెళ్ళిలో, కాకినాడలో లెక్కలు చదివొచ్చిన పక్కింటి భాస్కరరావు అంకెలకు కూడా గుణాలుంటాయని వాదిస్తే తను నవ్వేసింది. చూపిస్తానన్నాడు.

అతను ఇప్పుడు పక్కనే వాళ్ళింటి అరుగు మీద పేపరు చదువుతున్నాడు, పేజీ తిప్పకుండా. గోళ్ళ నిండా సున్నం.

"వెళ్ళకు జగ్గయ్యా," అని పార్వతి అరుగు వైపు తిరిగింది. "భాస్కరరావు గారూ, ఆరు దాకా నేను గుణించేనండి. ఏడుతో ఏమవుద్దో తమరికి తెలుసాండీ?"

"ఆయ్. అన్నీ తొమ్మిదులేనండి."

"అక్కడి దాకా ఆగుదామనా? ఈలోగా జగ్గయ్య ఏం తింటాడండీ?"

భాస్కరరావు పేపరు మడిచి లేచాడు. ఇన్నాళ్ళూ "పెదబాబు గారూ" అని తప్ప పిలవని మనిషి ఆయన వైపు తిరిగాడు.

"రాసింది నేనేనండి. జగ్గయ్య మీదికొస్తుందని తట్టలేదు, తప్పు నాదేనండి. ఆరు దాకా ఆ అంకెలు ఎంత తిరిగినా అక్కడక్కడే తిరుగుతాయండి, నేను మీ వీధిలో తిరిగినట్టు. ఏడోసారికి తేడాలన్నీ పోయి ఒక్కటైపోతాయి. అందుకే ఏడోది గోడ మీద రాద్దామనుకోలేదండి. పార్వతి గారు సరేనంటే, తమరు సరేనంటే, ఏడడుగులుగా నడుద్దామనుకున్నానండి, మావయ్యగారూ."